లంకమల కంపల్లో కలివికోడి కోసం

ఆదివారం

కడప బస్టాండు బయట కారందోసె తిని, పన్నెండున్నరకి బద్వేలు బస్సెక్కాను. భాకరాపేట దాటాక సిద్ధవటం కోట గోడలు, వాటి కింద పెన్న. నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువగా కనిపించింది. అక్కడి నుంచి ఎడమవైపు లంకమల కొండలు మొదలై, బస్సుతోపాటే చాలాదూరం వచ్చాయి. కొండకి, రోడ్డుకి మధ్య ఉన్న నేలే నేను చూడాల్సింది. తుమ్మ, రేగు, బలుసు, కలివి పొదలు, వాటి మధ్య గులకరాళ్లు తేలిన ఎర్రమట్టి. నా పక్కన కూర్చున్నావిడ "ఆ కంపల్లో ఏముందమ్మా, మేకలు తప్ప" అంది. ఆ కంపల్లోనే ప్రపంచంలో ఇంకెక్కడా లేని కలివికోడి అనే పక్షి ఒకటుందని చెప్పాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, తన ఊరు వచ్చేదాకా ఆ పొదలనే చూస్తూ కూర్చుంది.

మాది ఒంగోలు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాక వన్యప్రాణి పరిశోధనల్లో ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పరిశోధన నాది కాదు, పీహెచ్‌డీ చేస్తున్న అక్కది. ఆమె తమిళమ్మాయి, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం కష్టం. ఆమె ప్రశ్నలు ఊరివాళ్లకి అందేలా, ఊరివాళ్ల జవాబులు ఆమె నోటుబుక్కులోకి చెడకుండా చేరేలా చూడటం నా పనిలో సగం. మిగతా సగం మోయడం, తవ్వడం, లెక్కపెట్టడం, రాయడం.

అట్లూరు దగ్గర దిగేసరికి మా దారి చూపించే పెద్దాయన మోటారు సైకిలు మీద వచ్చి ఉన్నాడు. ఈ ప్రాంతంలో తండ్రి వయసువాళ్లని పిలిచినట్టే నేనూ ఆయన్ని పెద్దనాయనా అంటాను, ఆయన నన్ను పాపా అంటాడు. రాత్రికి వాళ్లింట్లోనే సంగటి, చెనిక్కాయల ఊరుబిండి.

సోమవారం

పొద్దున అటవీశాఖ ఆఫీసులో అనుమతి కాగితాలు చూపించి, రాత్రిపూట ఎక్కడెక్కడ తిరుగుతామో రాసిచ్చాం. ఇది ఎర్రచందనం అడవి. చీకట్లో టార్చిలైటు కదిలితే దొంగలనుకుంటారు. అందుకే బీటు వాచరు ఒకతను మాతోపాటు వచ్చాడు.

మధ్యాహ్నమంతా మట్టి పని. కలివికోడి రాత్రి తిరిగే పక్షి. పగలు పొదల నీడలో కదలకుండా ఉంటే రెండడుగుల దూరంలో ఉన్నా కనపడదు. కాబట్టి పక్షిని వెతికే బదులు దాని అడుగుల్ని వెతకడం ఇక్కడ పాతికేళ్లుగా నడుస్తున్న పద్ధతి. పొదల మధ్య ఖాళీ నేల చూసుకుని, రాళ్లు ఏరి, మెత్తటి మట్టి జల్లెడ పట్టి, పొడవాటి పట్టీలాగా పరిచి, చెక్కతో చదును చేస్తాం. పండక్కి కల్లాపి చల్లి ఊడ్చిన వాకిలంత నున్నగా ఉండాలి. రాత్రి దాని మీదుగా నడిచిన ప్రతి ప్రాణీ సంతకం పెట్టి పోతుంది.

అక్క జీపీఎస్ చూసి ఒక చోటు చెప్పింది. పెద్దనాయన తల అడ్డంగా ఊపాడు.

"పాపా, ఈడ వద్దని చెప్పు ఆయమ్మకి. ఇది మేకలు మళ్లే దోవ. తెల్లారేసరికి మన మట్టంతా తొక్కి పారేస్తాయి. ఆ కలివి పొదల నడుమ ఏద్దాం పా."

అక్క మ్యాపు మడిచి ఆయన వెనకే నడిచింది. నేను పనిచేసిన పరిశోధకుల్లో మంచివాళ్లందరూ ఇలాగే చేస్తారు. ఎక్కడ వెయ్యాలో గీత గీసేది లెక్క, ఆ గీత మీద ఏ నాలుగడుగులు ఎంచాలో చెప్పేది ఆ నేల మీద పెరిగినవాడు.

ఈ పక్షి కథంతా అలాంటివాళ్ల మీదే నిలబడింది. జెర్డాన్ అనే ఇంగ్లీషు సైనిక వైద్యుడు దీన్ని సేకరిస్తే, 1848లో బ్లిత్ అనే జంతుశాస్త్రవేత్త దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. పెన్నా, గోదావరి లోయల్లో అప్పుడప్పుడూ కనిపించేది. 1900లో అనంతపురం దగ్గర చూసిన తర్వాత ఇక జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి, పక్షి బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత కళ్లబడిన ఆ పక్షి ఎక్కువ కాలం బతకలేదు. కానీ ఉందని తేలింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంతటివాడు ముసలితనంలో కదిలొచ్చాడు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అప్పుడు పెద్దనాయన మేకలు కాసే పిల్లాడు. "పెద్ద పెద్ద సార్లు జీపుల్లో వచ్చిరి. ఒక పిట్ట కోసరం ఇంతమందా అని మా నాయన నవ్వె" అన్నాడు చెక్కతో మట్టి సర్దుతూ.

మంగళవారం

తెల్లారకముందే పట్టీల దగ్గరికి. ఎండ ఏటవాలుగా పడే ఆ కొద్దిసేపే అడుగుల అంచులకి నీడ ఉంటుంది, ఎండెక్కాక ఏదీ సరిగ్గా ఆనదు. మొదటి పట్టీ మీద కుందేలు. రెండోదాని మీద ముంగిస, దాన్ని అడ్డంగా దాటుతూ పాము ఈడ్చిన గీత. మూడోదాని మీద పక్షి అడుగులు చూసి నా గుండె ఝల్లుమంది. పెద్దనాయన వంగి చూశాడు.

"కౌజు. సూడు పాపా, ఎనక ఏలు గీసింది."

నిజమే. కలివికోడి కాలికి వెనక వేలు ఉండదు, ముందు మూడే. కౌజు పిట్టకి వెనక వేలు ఉంటుంది కాబట్టి మెత్తటి మట్టిలో ఆ చిన్న గుర్తు దొరికిపోతుంది. అంతమాత్రాన మూడు వేళ్లున్నదల్లా కలివికోడి కాదు. స్టోన్ కర్లూకి కూడా వెనక వేలు లేదు. అదీ రాత్రి పక్షే, అదీ ఈ పొదల్లోనే. అప్పుడు వేలి పొడవు, వేళ్ల మధ్య వెడల్పు, అడుగుకీ అడుగుకీ ఉన్న దూరం కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యాలి. అనుమానం ఉంటే 'తెలియదు' గడిలో పడుతుంది. ఆ గడిని వాడటానికి భయపడకూడదని నాకు మొదటి ఉద్యోగంలోనే నేర్పారు.

చివరి పట్టీ పక్కన ఎలుగుబంటి పెంట, నిండా రేగు గింజలు. జనవరిలో రేగుపళ్లు పండుతాయి కదా, కొండ దిగి వస్తున్నాయన్నమాట. సాయంత్రం నడకకి ఇంకో దారి ఎంచుకున్నాం.

పొద్దు కుంకే వేళకి పొదల్లో ఒక్కొక్కరం ఒక్కోచోట కూర్చున్నాం. ఇక్కడ ఇంతకుముందు చేసిన పరిశోధనల ప్రకారం కలివికోడి కూత సూర్యాస్తమయం తర్వాత ముప్పావు గంటకి అటూ ఇటూ మొదలై, కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. రెండు అక్షరాల కూత, వెంటవెంటనే కొన్నిసార్లు. ఆ కొద్ది నిమిషాలు పోతే మళ్లీ మర్నాడే. దగ్గు వచ్చినా మింగాలి. ముందు తీతువులు అరిచాయి, తర్వాత నెమలి, ఆ తర్వాత నైట్‌జార్ అనే రాత్రి పక్షుల టక్ టక్ టక్. దూరంగా ఊళ్లో గుడి మైకు. ఎనిమిదింటికి అక్క ఈల వేసింది. ముగ్గురి కాగితాల మీదా ఒకటే అంకె, సున్నా.

రికార్డు చేసిన కూతని స్పీకరులో వినిపిస్తే పక్షి బదులిస్తుంది కదా, రోజూ అలా చెయ్యొచ్చు కదా అని బీటు వాచరు అడిగాడు. బదులిస్తుంది. కానీ తన చోట్లోకి ఇంకో పక్షి వచ్చిందని కంగారు పడి, మేత మాని, గూడు ఉంటే గూడు వదిలి వస్తుంది. లెక్కకి అందేంత కొద్దిగా మిగిలిన పక్షిని అలా పదేపదే లాగకూడదు. ముందే నిర్ణయించుకున్న చోట్ల, నిర్ణయించుకున్నంతసేపే వినిపిస్తాం. నిజం చెప్పాలంటే ఈ పనిలో నాకు నచ్చిన నియమాల్లో ఇదొకటి.

బుధవారం

పొదల లెక్క. తాడుతో వలయం కొలిచి, అందులో మనిషిని మించిన పొదలెన్ని, చిన్నవెన్ని, ఏ జాతివి, నరికిన మొద్దులెన్ని, మేకల పెంట ఉందా అని రాస్తాం. వినడానికి విసుగు పని. ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఇష్టంగా చేసింది ఇదే.

ఎందుకంటే కలివికోడి కోరుకునే ఇల్లు విచిత్రమైనది. దట్టమైన అడవి పనికిరాదు, పరిగెత్తడానికి ఖాళీ నేల కావాలి. బోడి మైదానమూ పనికిరాదు, దాక్కోడానికి ముళ్ల పొద కావాలి. 2000 తర్వాత ఇక్కడ జెగనాథన్, ఆయన సహచరులు మట్టి పట్టీలు పరిచి చేసిన అధ్యయనంలో తేలిందిదే. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకి మూడు వందల నుంచి ఏడు వందల దాకా ఉన్నచోట అడుగులు ఎక్కువ పడ్డాయి. అంతకు తగ్గినా, పెరిగినా తగ్గిపోయాయి.

దీనివల్ల మేకల సంగతి మనం అనుకున్నంత సులువు కాదని తెలుస్తుంది. పట్నంలో కూర్చుంటే 'మేకల్ని బయటికి తోలేస్తే అడవి బాగుపడుతుంది' అనిపిస్తుంది. ఇక్కడ మేపు పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుని పక్షికి నడిచే నేల ఉండదు. మేపు, కట్టెల నరుకుడు మితిమీరితే దాక్కునే పొద ఉండదు. మధ్యలో ఎక్కడో ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో మాటలతో తేలదు, ఇలా వలయాల్లో కూర్చుని పొద పొదా లెక్కపెడితేనే తేలుతుంది.

మేకలకంటే పెద్ద భయం బుల్డోజరు. పొదల్ని వేళ్లతో పెకలించి, బోరు వేసి నిమ్మతోట పెడితే ఆ నేల ఇక తిరిగి రాదు. రైతుని తప్పుపట్టలేను. పట్టా ఉన్నది అతని పేరు మీద, రికార్డులో ఉన్న మాట 'బీడు'. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి తిరిగే నేలలోకి వచ్చినప్పుడు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంగిందంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. కానీ ఒక్క కాలువని ఆపినట్టు వంద చిన్న చదునుల్ని ఎవరూ ఆపలేరు. దానికి ఈ కంపచెట్ల నేలని చూసే చూపే మారాలి.

గురువారం

ఊళ్లలో తిరిగి మాట్లాడిన రోజు. అక్క దగ్గర పక్షుల ఫొటోల కట్ట ఉంది. కలివికోడి బొమ్మ ఒక్కటే చూపించి 'దీన్ని చూశారా' అని అడిగితే, ఇంటికొచ్చిన ఆడపిల్లల్ని నిరాశపెట్టడం ఇష్టంలేక చాలామంది 'ఆ, చూశాం' అంటారు. అందుకే కట్టలో తీతువు, కౌజు, కలివికోడికి చుట్టమైన, పగలు తిరిగే మామూలు కోర్సరు, స్టోన్ కర్లూ అన్నీ కలిపి పెట్టాం. వాటితోపాటు ఆఫ్రికాలో తప్ప ఉండని కోర్సరు ఒకటి. దాన్ని కూడా చూశామన్నవాళ్ల జవాబుల్ని విడిగా పెడతాం. వాళ్లు అబద్ధమాడారని కాదు, మర్యాదకి అన్నారని.

నేను ముందు ఫొటో తీయను. మేకలెన్ని, ఈనినవెన్ని, వానలెలా ఉన్నాయి, చిరుత వచ్చిందా అని మొదలుపెడతాను. ఒక ముసలమ్మ తన మేకపిల్లని చిరుత ఎత్తుకుపోయిన సంగతి అరగంట చెప్పింది. మధ్యలో ఆపలేదు. ఆ తర్వాత ఫొటోలన్నీ తిప్పి చూసి, కలివికోడి దగ్గర ఆగి, మెడకింద ఉన్న గోధుమరంగు పట్టీల మీద వేలు పెట్టింది.

"ఇట్ల రెండు గీతలుండేది నేను చిన్నప్పుడు సూసినా. రేత్రి, దీపం పట్టుకోని పోతాంటే. ఇప్పుడు రేత్రి బయటికి పోయేదెవరమ్మా."

ఆ చివరి మాట కింద నా నోటుబుక్కులో గీత గీసుకున్నాను. ఐతన్న కాలంలో రాత్రి అడవిలో తిరిగే మనుషులుండేవారు. వేట తగ్గిపోయింది, అది మంచికే. కానీ దానితోపాటు చీకట్లో చూసే కళ్లు కూడా పోయాయి. పక్షి తగ్గిందా, చూసేవాళ్లు తగ్గారా అన్నది ఈ ఇంటర్వ్యూలతోనే తేలే విషయం కాదు. అందుకే అదే నేల మీద పట్టీ, రికార్డరు, మనిషి చెవి మూడూ పెట్టాలి.

మధ్యాహ్నం ఒక ఇంట్లో అన్నం పెట్టారు, వంకాయ పులుసు.

శుక్రవారం

జీపు టైరు పంక్చరు, స్టెప్నీ కూడా అంతే. బద్వేలు వెళ్లి వచ్చేసరికి చీకటి. పట్టీలు మాత్రం పెద్దనాయన ఒక్కడే తిరిగి చూసి, ప్రతి అడుగు కొలత పుల్ల మీద గాటు పెట్టి తెచ్చాడు. అక్క ఆ పుల్లల్ని స్కేలు పక్కన పెట్టి ఒక్కొక్కటీ రాసుకుంది. పరిశోధనా పత్రం వచ్చినప్పుడు ఆయన పేరు చివర్లో కృతజ్ఞతల పేరాలో కాదు, రాసినవాళ్ల వరసలో ఉండాలని ఆ రాత్రి నేను అన్నాను. అక్క ఒప్పుకుంది. తన పీహెచ్‌డీ గైడుని కూడా అడుగుతానంది.

శనివారం

పొదలకి కట్టిన చిన్న రికార్డర్ల నుంచి కార్డులు మార్చాం. అరచేతిలో పట్టే పెట్టెలు, ఒక్కోదాంట్లో మూడు పెన్సిలు బ్యాటరీలు. మంచు దిగకుండా ప్లాస్టిక్ సంచి, లోపల సిలికా పొట్లం. మనిషి ఒకచోట ఒక సాయంత్రం కూర్చుంటాడు, ఇది పొద్దుకుంకినప్పటి నుంచి తెల్లారేదాకా విసుగు లేకుండా వింటుంది. 2025 ఆగస్టులో ఈ జిల్లాలోనే కొందరు పక్షి పరిశీలకులు కలివికోడి కూత పట్టుకున్నారన్న వార్త వచ్చింది. పదేళ్లకి పైగా ఏ ఆధారమూ దొరకని పక్షి. ఆ వార్త విన్నరోజు నేను వేరే జిల్లాలో తాబేళ్ల పనిలో ఉండి, సముద్రం ఒడ్డున ఒక్కదాన్నే గంతులేశాను.

లాప్‌టాపులో శబ్దం బొమ్మగా మారుతుంది. కీచురాళ్లది పైన మందపాటి గీత, నైట్‌జార్‌ది వరసగా చుక్కలు, దూరపు లారీది కింద మరక. కలివికోడి కూత ఉంటే జంట గుర్తులుగా కనపడాలి. సాఫ్ట్‌వేరు అనుమానం ఉన్నచోట్ల గుర్తు పెడుతుంది, ఒక్కొక్కటీ తెరిచి వినాల్సింది మనమే. మధ్యాహ్నం నుంచి విన్నవన్నీ కీచురాళ్లు, ఒకచోట కుక్క, ఒకచోట పెద్దనాయన దగ్గు. అన్నీ కొట్టేసి, కొట్టేసినవాటిని కూడా దాచాం. ఇంకొకరు మళ్లీ వినాలి.

స్కాట్లాండులోని అబర్దీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఈ పక్షి గుడ్డు ఒకటి దొరికిన కథ అక్క చెప్పింది. 1917లో కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన పశువైద్యుడు సేకరించినది, దశాబ్దాలపాటు సొరుగులోనే ఉండిపోయింది. డీఎన్‌ఏ పరీక్షతో కలివికోడి గుడ్డని తేల్చారు. చీటీ రాసి దాచినవాళ్లుండబట్టే దొరికింది. మా కార్డుల మీద తేదీ, చోటు, పెట్టె నంబరు రెండోసారి సరిచూశాను.

రాత్రి టార్చీలతో నడక. కుందేళ్లు, ఒక పునుగుపిల్లి, రాయి పక్కన చుట్టుకున్న చిన్నపింజర. దాన్ని చుట్టి వెళ్లాం. మూడు చోట్లా కూర్చుని విన్నాం. మళ్లీ సున్నా.

సున్నా రాయడం ఎవరికీ ఇష్టముండదు. ఒక అనుమానపు కూతని 'ఉండొచ్చు' అని రాస్తే ఉత్సాహంగా ఉంటుంది, ఊళ్లో వాళ్లకీ ఆశ పుడుతుంది. కానీ ఎక్కడ, ఏ నెలలో, ఎంతసేపు విన్నా వినపడలేదన్నది సరిగ్గా రాసి ఉంటేనే, వినపడిన రోజుకి విలువ. ఇక్కడ లేదని తెలిస్తే తర్వాతి పట్టీ ఇంకోచోట పరుస్తాం. ఉన్న కొద్ది డబ్బు, ఉన్న కొద్దిమంది మనుషులు సరైన చోటికి వెళ్తారు. నేను జీతం తీసుకునేది పక్షిని చూసినందుకు కాదు, ఆ కాగితం నిజం చెప్పేలా చూసినందుకు.

ఆదివారం

ఎండ ముదరకముందే పట్టీలు ఆఖరిసారి చూశాం. ఒకదాని మీద మూడు వేళ్ల అడుగులు, వెనక వేలు లేదు. నాలుగే నాలుగు, పట్టీ మూలని తాకి పొదలోకి పోయాయి. అందరం బోర్లా పడుకుని కొలిచాం. పెద్దనాయన చాలాసేపు ఏమీ అనలేదు. కొలతలు స్టోన్ కర్లూకి దగ్గరగానే ఉన్నాయి, కానీ మట్టి అంచు రాలిపోయి ఉంది. ఫొటోలు తీసి, 'తెలియదు' గడిలో రాశాను. అక్క దాని పక్కన సంతకం పెట్టింది.

బస్సుకి ముందు సామాను పంచుకున్నాం. రికార్డర్లు పొదల్లోనే ఉంటాయి, కార్డులు మార్చే పని పెద్దనాయనది, ఆయన కొడుక్కి ఫోనులో జీపీఎస్ వాడటం నేర్పాను. జల్లెడ, చెక్క, తాడు వాళ్లింటి కొట్టంలో పెట్టాం. కొత్త పట్టీలు ఎక్కడ వేద్దామని అక్క అడిగింది, ఈసారి తెలుగులోనే. ఆయన సగిలేరు వైపు చెయ్యి చూపించాడు.

"ఆ పక్క మేకలు తక్కవ తిరుగుతాయమ్మా. పొదలు ఇంత ఎత్తున ఉంటాయి, నడుమ నేల తేటగా ఉంటాది. మా నాయన ఆడ్నే ఇన్నాననె."

అక్క మ్యాపు తెరిచి ఆ చోట పెన్సిలుతో సున్నా చుట్టింది. అటవీశాఖకి కొత్త అనుమతి కోసం రాయాల్సిన ఉత్తరం బస్సులో కూర్చుని నేను మొదలుపెట్టాను.